హెడ్డు కనిష్టీబు నుంచి హాంబర్గ్ దాకా

గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం ఒకచోట మన జనం తీరు చూసి తెగ విసుక్కుంటాడు. బండిలో వస్తూ దారి పొడుగునా బండివాడికి నేషనల్ కాంగ్రెస్ గురించి రెండు గంటల పాటు లెక్చరు దంచాడట. అంతా ఓపిగ్గా విన్న ఆ బండివాడు చివర్లో అడిగింది ఒక్కటే: తమ ఊరి హెడ్డు కనిష్టీబుని ఈ కాంగ్రెసువాళ్లు ఎప్పుడు బదిలీ చేయిస్తారని! వందేళ్లకు పైగా తెలుగువాళ్లు ఈ ముచ్చటకి నవ్వుకుంటూనే ఉన్నారు. బండివాడి అమాయకత్వానికి కొందరు, గిరీశం డాబుకి కొందరు.

నిజానికి ఆ ఇద్దరిలో పనికొచ్చే మాట అన్నది బండివాడే. ఎక్కడో పెద్దలు కూర్చుని తీర్మానాలు చేస్తే మా ఊళ్లో ఏం మారుతుంది? ప్రభుత్వ విధానాల గురించి గానీ, విదేశీ వ్యవహారాల గురించి గానీ సామాన్యుడు వెయ్యాల్సిన ప్రశ్న ఇదే. గురజాడ దాన్ని ఉపన్యాసంలా రాసి ఉంటే ఈపాటికి ఎవరికీ గుర్తుండేది కాదు. నవ్వించి చెప్పాడు కాబట్టి నిలిచిపోయింది.

ఉత్తరాంధ్ర జనంలో ఆ గుణం ఇప్పటికీ పోలేదు. సబ్బవరం జంక్షన్‌లో పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపరు ఒక్కటే ఉంటుంది, చదివేవాళ్లు అయిదారుగురు ఉంటారు. మెయిన్ పేజీ ఒకరి చేతిలో, జిల్లా పేజీలు మరొకరి చేతిలో, సినిమా పేజీ కోసం పక్కనే ఇంకొకరు. "ఏటి బావా, అమెరికావోడు మళ్లీ పన్నేసేసినాడంట. మన రొయ్యలేటైపోతాయి?" అని ఒకరు మొదలెడితే, "ఆడు తినకపోతే మనవే తినేద్దాం, కేజీ రేటు దిగొస్తాది" అని ఇంకొకరు అందుకుంటారు. అలాంటి మాటకి అందరూ నవ్వుతారు. నవ్వు అయ్యాక అసలు సంగతి బయటికొస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్రాలో రొయ్యల చెరువు ఉన్న ప్రతి ఇంట్లోనూ విదేశాంగ విధానం మీద చర్చ జరిగింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో దేశంలోనే ముందు వరసలో ఉండే రేవు విశాఖపట్నం. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకం ఇక్కడి ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్య తల తీసే ఆడకూతురి రోజు కూలీ దాకా వస్తుందని ఆ చర్చల్లో కూర్చున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

విశాఖకీ అనకాపల్లికీ మధ్య ఉన్న సబ్బవరానికి ఇలాంటి మాటలు కొత్తేం కాదు. 2022 ఏప్రిల్ నుంచి ఇది అనకాపల్లి జిల్లాలో ఉంది. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి పోయే ఆరు వరుసల రోడ్డు ఈ ఊరి పక్కనే వెళుతుంది. పోర్టు లారీలు నగరంలో ఇరుక్కోకుండా ఉండేందుకు షీలానగర్ నుంచి సబ్బవరానికి ఇంకో రోడ్డు ప్రణాళిక తయారైంది. రేవులో దిగిన సరుకు దేశంలోకి వెళ్లే దారి మీద ఉన్న ఊరు ఇది. 1933లో జలదుర్గ అనే ఓడ విశాఖ రేవులోకి వచ్చినప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల బతుకులు దూరదేశాలతో ముడిపడే ఉన్నాయి.

సబ్బవరంలో మరో విశేషం, దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. 2008లో చేసిన చట్టంతో పుట్టిన ఈ విశ్వవిద్యాలయం ప్రాంగణాన్ని న్యాయప్రస్థ అంటారు. కర్నూలు జిల్లా పెద్దపాడులో పుట్టి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయి, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రిగా చరిత్రకెక్కిన సంజీవయ్య పేరు దీనికి పెట్టడం ఎంతో సముచితం. ఇలాంటి న్యాయ విశ్వవిద్యాలయాల్లో పిల్లలు అంతర్జాతీయ వ్యవహారాలు నేర్చుకునే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతి గురించి బయటివాళ్లకి తెలిసింది తక్కువ. దాన్ని మూట్ కోర్టు అంటారు, అంటే ఉత్తుత్తి కోర్టు.

ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న అంతర్జాతీయ న్యాయ మూట్ పోటీ జెస్సప్. 1960లో అమెరికాలోని హార్వర్డ్‌లో మొదలైంది. అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసిన ఫిలిప్ జెస్సప్ పేరు మీద నడుస్తోంది. ఏటా రెండు ఊహా దేశాలను సృష్టిస్తారు. వాటికి పేర్లు పెడతారు, చరిత్ర రాస్తారు, మధ్యలో ఓ జటిలమైన తగాదా పెడతారు. ఆ తగాదా ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లినట్టు అనుకుని, విద్యార్థులు వాదించాలి. ఒక్కో పక్షానికి 45 నిమిషాలు. రెండు వాక్యాలు పూర్తి కాకముందే ధర్మాసనం ప్రశ్నతో అడ్డం పడుతుంది. పక్కన కూర్చున్న గుమస్తా ఇంత సమయమే మిగిలిందంటూ అట్టముక్కలు ఎత్తి చూపిస్తుంటాడు. గోదావరి జిల్లా నుంచో, పలాస నుంచో వచ్చిన పందొమ్మిదేళ్ల పిల్ల, మ్యాపులో లేని దేశానికి ప్రతినిధిగా నిలబడి, జడ్జీలను యువర్ ఎక్సలెన్సీ అని సంబోధిస్తూ, లేని నది నీళ్ల కోసం ఉన్న చట్టంతో పోరాడుతుంది. ఊహించుకుంటేనే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది.

ఈ పోటీలో ఒక గొప్ప నియమం ఉంది. ప్రతి జట్టూ రెండు పక్షాల తరఫునా వాదనలు రాసివ్వాలి. పొద్దున ఫిర్యాదు చేసిన దేశం తరఫున గొంతు చించుకున్న కుర్రాడు సాయంత్రం ఎదుటి దేశం వైపు నిలబడి, తను పొద్దున చెప్పినవాటికే జవాబులు వెతుక్కోవాలి. ఇలా నాలుగేళ్లు చేసినవాడు పొరుగుదేశాన్ని తేలిగ్గా తిట్టలేడు. టీవీ చర్చల్లో పదిమంది ఒకేసారి అరుస్తుంటే అతనికి ముందు తట్టే ప్రశ్న, అవతలివాడి వాదనలో బలమైన ముక్క ఏది అని. దేశాల గురించి మాట్లాడుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి శిక్షణ దొరకదు.

ఇదంతా పిల్లల ఆట అనుకుంటే, పెద్దల కోర్టుల్లో తెలుగువాళ్లు చేసిన పని చూడాలి. అప్పటి కృష్ణా జిల్లా వీరులపాడులో 1936లో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు, జర్మనీలోని హాంబర్గ్‌లో సముద్ర చట్టాల అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1996లో ఏర్పడినప్పుడే అందులో జడ్జీ అయ్యారు. 1999 నుంచి 2002 దాకా దాని అధ్యక్షుడిగా ఉన్నారు. 2017 దాకా ఆ పీఠం మీద కొనసాగారు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా దేశానికి పూర్తి హక్కు, 200 నాటికల్ మైళ్ల దాకా, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా, అక్కడి చేపల మీదా ఖనిజాల మీదా హక్కు. 1982లో కుదిరిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఒప్పందం సారాంశంలో ఇది ముఖ్యమైన భాగం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వల సర్దుకునే ప్రతి మనిషికీ ఈ లెక్కతో పని ఉంది.

ఆ లెక్క మన బంగాళాఖాతంలోనే పెద్ద పరీక్షకు వచ్చింది. 1970 నవంబరులో వచ్చిన మహా తుపాను తర్వాత గంగా డెల్టా అంచున సముద్రంలో ఇసుక మేట వేసి చిన్న దీవి పైకి తేలింది. మనం న్యూ మూర్ అన్నాం, బంగ్లాదేశ్ దక్షిణ తాల్‌పట్టి అంది. నీళ్ల మట్టానికి గట్టిగా రెండు మీటర్ల ఎత్తు కూడా లేని ఆ దిబ్బ మాదంటే మాదని రెండు దేశాలూ దశాబ్దాల పాటు పేచీ పడ్డాయి. 1981లో మన ఓడలు వెళ్లి అక్కడ జెండా కూడా పాతాయి. తీరా 2010లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి చెప్పిన సంగతి ఏమిటంటే, దీవి మునిగిపోయింది! తగాదా ఉంది, దీవి లేదు.

దీవి మునిగినా సముద్ర సరిహద్దు తేలాలి కదా. ఆ కేసు ది హేగ్‌లో మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. అయిదుగురు మధ్యవర్తుల్లో భారత్ నియమించిన ఆయన కూడా తెలుగువాడే, పెమ్మరాజు శ్రీనివాసరావు. 2014 జులై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్లింది. ఆ మునిగిపోయిన దీవి ఉండే చోటు మాత్రం మన వైపు వచ్చింది. శ్రీనివాసరావు కొన్ని అంశాల్లో తోటి మధ్యవర్తులతో విభేదించి తన అసమ్మతిని విడిగా రాశారు. అయినా భారత ప్రభుత్వం తీర్పును గౌరవించింది. ఇరుగుపొరుగుల మధ్య సుహృద్భావం పెరుగుతుందని విదేశాంగ శాఖ ప్రకటించింది. పెద్ద దేశం చిన్న దేశానికి కోర్టులో ఓడి, ఓటమిని ఒప్పుకుని, మర్నాటి నుంచి యథాప్రకారం వ్యాపారం చేసుకున్న సందర్భాలు చరిత్రలో ఎక్కువ లేవు. ఈ కబురు మన ఇళ్లలో మోగిపోవాల్సింది. దీవి కోసం కాట్లాడుకున్న రోజుల్లో పత్రికల్లో వచ్చినంత హడావుడి, తీర్పుని ఒప్పుకున్న రోజున రాలేదు. ఆశ కలిగించే వార్తకు మనం ఇచ్చే చోటు ఎప్పుడూ తక్కువే.

దేశాలు హాస్యంతో కూడా తగాదా నడపగలవని చూపిన ఉదాహరణ ఉత్తర ధ్రువం దగ్గరుంది. కెనడాకీ, డెన్మార్క్ కింద ఉన్న గ్రీన్‌లాండ్‌కీ మధ్య హాన్స్ అనే రాతి దీవి. మొత్తం కలిపితే 1.3 చదరపు కిలోమీటర్లు. మనిషి ఉండడు, చెట్టు మొలవదు. 1984లో డెన్మార్క్ మంత్రి ఒకాయన అక్కడికి వెళ్లి తమ జెండా పాతి, దాని దగ్గర ఓ మద్యం సీసా పెట్టి వచ్చాడు. ఆ తర్వాత కెనడా సైనికులు వెళ్లినప్పుడల్లా తమ జెండా పెట్టి కెనడా విస్కీ వదిలి రావడం, డెన్మార్క్‌వాళ్లు వచ్చినప్పుడు తమ సీసా పెట్టిపోవడం ఆనవాయితీ అయింది. ఒక్క తూటా పేలలేదు. చివరికి 2022 జూన్ 14న దీవిని రెండుగా పంచుకుంటూ సంతకాలు చేశారు. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలై నాలుగు నెలలు కాని రోజుల్లో, సరిహద్దు తగాదా ఇలా కూడా తీర్చుకోవచ్చని లోకానికి చూపడం ఆ రెండు దేశాలూ కావాలనే చేసిన పని.

మరి మన మత్స్యకారుల సంగతి? ఇక్కడ నవ్వు అంత తేలిగ్గా రాదు. 2018 చివర్లో గుజరాత్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కి కరాచీ జైల్లో పడ్డారు. ఏడాదికి పైగా తిప్పలు పడ్డాక 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకి ప్రేరణ వాళ్ల కథే. సినిమా చూసినవాళ్లందరికీ తెలియని విషయం ఒకటుంది. భారత్, పాకిస్తాన్ 2008లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశం ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మత్స్యకారులకు అందులో ప్రత్యేకంగా జాబితా ఉంటుంది. 2025 మే నెలలో రెండు దేశాలూ క్షిపణులు విసురుకున్నాయి. అయినా జులై 1న జాబితాలు చేతులు మారాయి. అణు కేంద్రాల జాబితాలు కూడా 1992 నుంచి ప్రతి జనవరి 1న అలాగే మారుతున్నాయి. ఒక్క ఏడాదీ తప్పలేదు.

ఇలాంటి వార్తలు పేపర్లో లోపలి పేజీల్లో నాలుగు లైన్లకు మించవు. జైల్లో ఉన్న కొడుకు పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకునే తల్లికి మాత్రం ఆ నాలుగు లైన్లే ముఖ్యం. ఇంకో మాట. మరో దేశపు ఆర్థిక మండలంలో, అంటే 12 నాటికల్ మైళ్లు దాటి 200 దాకా ఉన్న నీళ్లలో, చేపలు పట్టినంత మాత్రాన, ఆ రెండు దేశాల మధ్య విడిగా ఒప్పందం ఉంటే తప్ప, జైలు శిక్ష వెయ్యకూడదని సముద్ర చట్టం ఒప్పందంలోని 73వ అధికరణ చెబుతోంది. ఈ సంగతి తీరంలోని ప్రతి ఊళ్లోనూ తెలిసి ఉండాలి.

ఆశావాదం గురించి చెప్పుకునేటప్పుడు విశాఖకు సంబంధించిన ఇంకో మనిషిని తలుచుకోవాలి. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్, 1949లో మాస్కోకు భారత రాయబారిగా వెళ్లారు. సోవియట్ నేత స్టాలిన్ ముందు పెద్దపెద్దవాళ్లే నోరు విప్పడానికి జంకే కాలం. మా దేశంలో ఒక చక్రవర్తి నెత్తుటి యుద్ధంలో గెలిచాక హింస వదిలేసి భిక్షువయ్యాడు, మీకూ అలా జరగొచ్చేమో అని రాధాకృష్ణన్ ఆయనతో అన్నారని జీవిత చరిత్రకారులు రాశారు. స్టాలిన్ కోప్పడలేదు. అద్భుతాలు ఒక్కోసారి జరుగుతాయని, తనూ కుర్రతనంలో మతపాఠశాలలో చదువుకున్నవాడినేనని బదులిచ్చాడట. అశోకుడు గెలిచిన ఆ కళింగం మన ఉత్తరాంధ్రను ఆనుకున్న నేలే. అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ మీద రాతిలో తొలిచిన స్తూపాలు బౌద్ధం ఇక్కడ ఎంత కాలం వెలిగిందో ఇప్పటికీ చూపిస్తున్నాయి. సబ్బవరం పిల్లలకు అశోకుడి కథ చెప్పాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు.

అదే సోవియట్ దేశంతో 1979లో విశాఖ ఉక్కు కర్మాగారానికి సహకార ఒప్పందం కుదిరింది. దాని వెనక 1966 నాటి ఉద్యమం ఉంది, 32 మంది ప్రాణత్యాగం ఉంది, తెన్నేటి విశ్వనాథం లాంటి నాయకుల పట్టుదల ఉంది. సోవియట్ సాంకేతిక సహాయంతో వచ్చిన కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకు మనవాళ్లు పెట్టుకున్న పేర్లు గోదావరి, కృష్ణ. మూడోది అన్నపూర్ణ. రష్యా ఇంజినీరింగుకి తెలుగు నదుల పేర్లు పెట్టడంలో ఉన్న ధీమా చూడండి. 2021 జనవరిలో ఆ కర్మాగారంలో పెట్టుబడులు పూర్తిగా ఉపసంహరించాలని కేంద్రం నిర్ణయించినప్పుడు కార్మికులు దీక్షలకు దిగారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. సొంత ఇనుప ఖనిజ గని కావాలన్న డిమాండు ఇంకా అలాగే ఉంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చే కోకింగ్ బొగ్గు ధర, ఢిల్లీ నిర్ణయం, గాజువాకలో ఇంటి అద్దె, ఈ మూడూ ఒకే తాడుకి కట్టి ఉన్నాయి.

విధానాల మీద హాస్యం ఎలా పని చెయ్యాలో విశాఖలోనే చూపిన గురువు రాచకొండ విశ్వనాథశాస్త్రి. ఆయన వృత్తిరీత్యా వకీలు. మద్యనిషేధ చట్టం కాగితం మీద ఒకలా, కోర్టు వరండాలో ఇంకోలా ఎలా నడుస్తుందో 'ఆరు సారా కథలు'లో చూపించాడు. ఏ నివేదికా చెప్పలేనంత స్పష్టంగా, ఆ చట్టం ఎవరి జేబు నింపిందో, ఎవరి వీపు మీద పడిందో పాఠకుడికి తెలిసిపోతుంది. ఆయన నవ్వు ఎప్పుడూ బలవంతుడి వైపు తిరిగి ఉంటుంది, బక్కవాడి మీద పడదు. ప్రభుత్వాల గురించి జోకులు వేసేవాళ్లందరూ ఈ ఒక్కటి పట్టుకుంటే చాలు.

నవ్వు ఆగాల్సిన చోట్లు ఉంటాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ విషవాయువు పాకి 12 మంది చనిపోయారు. దక్షిణ కొరియా కంపెనీ, భారతీయ చట్టాలు, విశాఖ పల్లె. జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే 50 కోట్ల రూపాయలు జమ చెయ్యాలని ఆదేశించింది. విదేశీ పెట్టుబడి రావాలి, కానీ ఏ జాగ్రత్తలతో రావాలి, తప్పు జరిగితే ఎవరు ఎంత బాధ్యత వహించాలి అన్న చర్చ అక్కడ నవ్వులాట కాదు. ఆశ మాత్రం అక్కడా ఉండాల్సిందే, లేకపోతే ఆ ప్రశ్నలు వెయ్యడం కూడా మానేస్తాం.

సబ్బవరం చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఒక విన్నపం. న్యాయ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషులో నడిచే మూట్ కోర్టుని మీ తొమ్మిదో తరగతిలో తెలుగులో నడపొచ్చు. రెండు ఊహా దేశాలు చాలు, మధ్యలో ఓ చేపల వల తగాదా చాలు. ప్రతి పిల్లా, పిల్లాడూ రెండు వైపులా వాదించాలి, అది మాత్రం వదలకండి. జడ్జీగా ఊరి పెద్దమనిషినో, వల వేసే మత్స్యకారుడినో కూర్చోబెట్టండి. విశ్వవిద్యాలయం విద్యార్థులను అడిగితే సాయానికి వస్తారు. తల్లిదండ్రులు వచ్చి నవ్వుతూ వింటే ఇంకా మంచిది. ఈ విద్యా సంవత్సరంలోనే ఒక శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టండి.